ఇల్లరికం కార్డు

మా అత్తగారింట్లో పెద్దాయన అంటే మామగారు కాదు. ముందుగదిలో కిటికీ పక్కన, అల్లిక మిషనును ఆనుకుని ఉండే పాత కంప్యూటరు. వయసులో అది మా ఆవిడ కన్నా కాస్త చిన్నది, మర్యాదలో మాత్రం అందరికన్నా పెద్దది. మామగారి కాఫీ ఆలస్యమైనా పరవాలేదు గానీ, పెద్దాయన మీద దుమ్ము కనబడకూడదు. "నాక్కూడా ఒక ప్లగ్గు ఉండుంటే బాగుండేది, రోజుకోసారైనా నావైపు చూసేది" అంటారు మామగారు, అత్తగారికి వినబడేలాగే.

అత్తగారు ఊలు డిజైన్లు గీస్తారు. పెద్దాయన తెర మీద గళ్ళు నింపుకుంటూ బొమ్మ గీస్తే, వెనకనుంచి వచ్చే తీగ ఒక్కో వరుసనూ అల్లిక మిషనుకు అందిస్తుంది. ఆవిడ పిడి పట్టుకుని అటూ ఇటూ లాగుతుంటే తెర మీది బొమ్మ బట్టలోకి దిగుతుంది. ఆ ప్రోగ్రాము చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అది మరే కంప్యూటరులోనూ నడవదు. అత్తగారు జన్మంతా గీసిన పూలూ పిట్టలూ అన్నీ పెద్దాయన కడుపులోనే ఉన్నాయి.

ఇక నేను. వీధి చివర నాకు కంప్యూటర్ల రిపేరు కొట్టు ఉంది. కొట్టుకు దగ్గరని, అత్తగారికి ఒక్కతే కూతురని, పెళ్ళయ్యాక ఇక్కడే ఉండిపోయాం. ఎవరైనా ఇల్లరికం అంటే మొదట్లో చురుక్కుమనేది. ఇప్పుడు నేనే ముందు అనేస్తాను, ఎదుటివాడికి ఆ సరదా దక్కకుండా. అయితే ఒక్కటి మాత్రం మింగుడు పడేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలిచాను. వీధి వీధంతా తమ కంప్యూటర్లు నా చేతిలో పెట్టి నిశ్చింతగా వెళ్ళిపోతారు. సొంత ఇంట్లో పెద్దాయన మీద చెయ్యి వేసే యోగ్యత మాత్రం నాకు లేదు.

"నీ కొట్టులో ఉండేవన్నీ రెడీమేడ్ చొక్కాల్లాంటివి అల్లుడూ" అనేవారు అత్తగారు. "అందరికీ సరిపోతాయంటే ఎవరికీ సరిగ్గా కుదరవని అర్థం. దీని జోలికి రాకు." నా వృత్తి మీద ఇంకో చురక కూడా ఆవిడ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఊలు ఉండ అయిపోయి కొత్తది కలిపినప్పుడు, ఆ అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. "అతుకు కనబడితే దాన్ని అల్లిక అనరు, మరమ్మతు అంటారు" అని నావైపు చూసేవారు.

అలాంటి పెద్దాయనకు ఒకరోజు పొద్దున చూపు పోయింది.

అప్పటికి మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయే బిడ్డకోసం అత్తగారు దుప్పటి అల్లుతున్నారు. తల్లి బాతు, దాని వెనక బారులు తీరిన పిల్లలు. కాళ్ళు వచ్చాయి, పొట్టలు వచ్చాయి, మెడ దగ్గరకు వచ్చేసరికి తెర నల్లబడింది. పెద్దాయన ఫ్యాను తిరుగుతూనే ఉంది, లోపల గురగురలాడుతూనే ఉన్నాడు, బొమ్మ మాత్రం లేదు. దుప్పటి సూదుల మీదే ఆగిపోయింది.

అత్తగారు తెరను తట్టారు, తీగలు పీకి పెట్టారు, పెద్దాయనను బుజ్జగించారు, తిట్టారు. చివరికి కుర్చీలో కూర్చుని సూదుల మీది తలల్లేని బాతుల్ని చూస్తూ ఉండిపోయారు. ఆవిడ ఊరికే కూర్చోవడం నేనదే మొదటిసారి చూడటం. నాకు నిజంగా బెంగేసింది.

"విప్పేసి చేత్తో అల్లకూడదా అమ్మా?" అంది మా ఆవిడ.

"విప్పను. ఇది వస్తే దుప్పటి వస్తుంది. రాకపోతే మిషను మీద గుడ్డ కప్పేస్తాను. దీంతోపాటే నా పని కూడా సరి."

ఊరికే మాట అనే మనిషి కాదు, అంటే అన్నట్టే చేస్తారు. అప్పుడు నేను, దులిపేస్తే దులిపేస్తారులే అని, నోరు తెరిచాను.

"అత్తయ్యా, పోయింది పెద్దాయన కాదు. లోపల బొమ్మ చూపించే కార్డు ఒకటి ఉంటుంది, అది పోయింది. అంతే."

"అయితే ఇంకోటి పెట్టు."

"ఆయన రకానిది ఎక్కడా దొరకదు. నా దగ్గరున్నవి మామూలు కంప్యూటర్లవి. పొద్దున లేవగానే ఆయన కార్డును నువ్వెవరని అడుగుతాడు. మామూలు కార్డు మామూలు భాషలో జవాబు చెబుతుంది. ఆయనకా భాష రాదు, మొహం తిప్పేసుకుంటాడు. దానికి మనం ఈ ఇంటి భాష నేర్పాలి."

అత్తగారు నావైపు తిరిగారు. "అంటే రెడీమేడ్ చొక్కాను ఆల్టర్ చేస్తానంటావు."

"అంతే."

"మామూలు ఇంట్లోంచి వచ్చి, మన ఇంటి పద్ధతి నేర్చుకుని, ఇక్కడే ఉండిపోవాలి." అంటూ మామగారు పేపరు దించారు. "ఇల్లరికం అన్నమాట. మనకి కొత్తేం కాదుగా."

మా ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. అత్తగారి పెదవి కూడా ఒక పక్కకు వంగింది. "సరే కానివ్వు. కానీ పెద్దాయన మూత తీసేది నేనే. నువ్వు చెప్పు, నేను చేస్తాను" అన్నారు. ఆ మాత్రం చాలు అనుకున్నాను.

కొట్టులో పాత కార్డుల డబ్బా బోర్లించి, పెద్దాయన నోటికి పట్టే కార్డును ఒకదాన్ని ఏరాను. పాత యంత్రాల మీద ప్రాణం పెట్టుకునేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక పుణ్యాత్ముడు పెద్దాయన భాషను ఇలాంటి కార్డులకోసమే రాసిపెట్టాడు. వీటి చిప్పులో చోటు సగమే ఉంటుందని, అక్కర్లేని మాటలన్నీ కత్తిరించి మరీ అందరికీ పంచాడు. ఎవరో తెలియదు గానీ, కనబడితే భోజనానికి పిలుద్దును. దాన్ని దించుకుని, కార్డు చిప్పులో పాత భాష చెరిపేసి కొత్తది రాశాను. అయ్యాక నా బల్ల మీది మామూలు కంప్యూటరుకు పెట్టి చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కార్డు పుట్టింటి భాష మరిచిపోయింది. ఇక అది పనికొస్తే పెద్దాయనకే పనికి రావాలి.

ఇంకో మెలిక ఉంది. కార్డు అంచున బంగారు రంగు పళ్ళు రెండు వైపులా వరుసగా ఉంటాయి కదా, వాటితోనే అది యంత్రంలో కూర్చుంటుంది. వెనక వైపు మూడో పన్ను, పదకొండో పన్ను దగ్గర పెద్దాయన వేరే పనికి కరెంటు వదులుతాడు. మామూలు కార్డు ఆ రెండు పళ్ళతో ఆయన్ని తాకిందంటే ఆయన అసలు లేవడు. ఆ రెండింటినీ మూసేయాలి. టేపు అంటిస్తే, దూర్చేటప్పుడు ఊడి లోపలే ఉండిపోతుంది. పలచగా పూసి ఆరబెట్టే రంగు కావాలి.

అలాంటిది ఇంట్లో ఒకటే ఉంది. అల్లేవాళ్ళ చేతుల్నే అందరూ చూస్తారని అత్తగారికి గోళ్ళ మీద మహా శ్రద్ధ. అద్దం ముందున్న ఎర్ర రంగు సీసా అడక్కుండానే తెచ్చి మూత తిప్పాను.

"అత్త సొమ్ము అల్లుడు దానం" అన్నారు మామగారు పేపరు వెనకనుంచి.

కార్డు ముందు వైపు చూసి, పేజీ తిప్పినట్టు తిప్పి, పళ్ళు లెక్కపెట్టి, రెండింటికి రంగు పూశాను. ఆరేదాకా ఊదాను. అత్తగారు మూత తీసి, నేను చెప్పినట్టే కార్డు కూర్చోబెట్టి, మీట నొక్కారు.

పెద్దాయన లేవలేదు. తెర సంగతి సరే, ఫ్యాను కూడా తిరగలేదు. మళ్ళీ నొక్కారు. ముందు చూపే పోయింది, ఇప్పుడు ఊపిరి కూడా తీసేసినట్టున్నాను. మా ఆవిడ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

అత్తగారు కార్డు బయటికి తీసి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు, అల్లిన బట్టలో తప్పు వెతికినట్టు. ముందు చూశారు, వెనక చూశారు.

"ఎటునుంచి లెక్కపెట్టావు?"

"ఎడమనుంచి అత్తయ్యా."

"ముందు వైపు చూసినప్పుడు కార్డు చివరున్న ఈ ఇనప రేకు ఎడమ పక్కన ఉంది. మొదటి పన్ను దీని పక్కదేగా?"

"అవును."

"తిప్పాక రేకు ఎటు వచ్చింది?"

చూశాను. కుడి పక్కకు వచ్చింది. నేను మాత్రం వెనక వైపు కూడా ఎడమనుంచే లెక్కపెట్టాను. రంగు పూసినవి చివరి పళ్ళు. మూయాల్సిన రెండూ అలాగే మెరుస్తున్నాయి.

"బట్ట తిప్పితే లెక్క కూడా తిప్పాలి అల్లుడూ. అల్లిక నేర్చుకునే ప్రతివాడూ మొదట చేసే తప్పు ఇదే. నేనైతే మా అమ్మకు రెండూ ఎడమ చేతులే ఉన్న స్వెట్టరు అల్లిపెట్టాను."

తిడతారనుకున్నాను. ఆవిడ నవ్వుతున్నారు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దూదితో పాత రంగు తుడిచి, కార్డు నా చేతికిచ్చి, "నువ్వు పట్టుకో, నేను పూస్తాను" అన్నారు. రేకు పక్కనుంచి ఇద్దరం పైకే లెక్కపెట్టాం. మూడు దగ్గర ఒక చుక్క, పదకొండు దగ్గర ఒక చుక్క. ఆవిడ చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. ఆరుతుండగా, మిగిలిన రంగు వృథా ఎందుకని తన చిటికెన వేలికి పూసుకున్నారు.

తరువాత చేసిన పని నేను ఊహించలేదు. పెద్దాయన మూత తీసిన చోటునుంచి తను పక్కకు జరిగి, "నువ్వే పెట్టు" అన్నారు.

పెట్టాను. మీట నొక్కాను. పెద్దాయన ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేశాడు. ఫ్యాను తిరిగింది. తెర బూడిదరంగులోకి వచ్చింది, నీలంలోకి వచ్చింది, ఆ తరువాత గళ్ళు గళ్ళుగా బాతులు వచ్చాయి, అన్నీ తలలతో సహా. మామగారు పేపరు కింద పడేసి చప్పట్లు కొట్టారు. మా ఆవిడ లోపల బిడ్డ తన్నిందని అరిచింది. నేను నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను, ఆపడం నా వల్ల కాలేదు. అత్తగారు మాత్రం కుర్చీ లాక్కుని పిడి పట్టుకున్నారు. "అందరూ నవ్వింది చాలు, వెలుతురుకు అడ్డం లేవండి" అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

దుప్పటి పూర్తయ్యేదాకా మమ్మల్నెవర్నీ చూడనివ్వలేదు.

మాకు అమ్మాయి పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు అత్తగారు దుప్పటి విప్పి కప్పారు. తల్లి బాతు, పిల్లలు, అన్నీ బుద్ధిగా నడుస్తున్నాయి. మెడల దగ్గర, సరిగ్గా అప్పుడు ఆగిపోయిన వరుసలో, డిజైనులో లేనిది ఒకటి ఉంది. ఈ చివరనుంచి ఆ చివరకు బంగారు రంగు ఊలుతో చిన్న చిన్న పళ్ళు. వాటిలో రెండు ఎర్రవి.

చూడటానికి వచ్చిన పక్కింటావిడ మురిసిపోయింది. "బాతులకు గొలుసులు కూడా వేశారే. ఈ ఎర్ర పూసలు భలే ఉన్నాయి."

నేను వంగి, రేకు ఉండాల్సిన పక్కనుంచి లెక్కపెట్టాను. మూడు. పదకొండు.

"అత్తయ్యా, అతుకు కనబడుతోంది" అన్నాను.

"కనబడనీ" అన్నారు అత్తగారు, దుప్పటి అంచు పాప గడ్డం కిందకు సర్దుతూ. "అల్లుడు కలిసిన చోటు అది. దాచడం ఎందుకు?"