ఏ కంటికి ఆపరేషన్?

కాలేజీలో జీరో ట్రస్ట్ పెడుతున్నారని సర్క్యులర్ వచ్చినప్పుడు, కాలేజీని ఏదో ట్రస్టు వాళ్ళు కొనేశారనుకున్నాడు సూపరింటెండెంటు. పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్ళుగా పాతుకుపోయిన మనిషి. కంప్యూటర్లు చూసే మేడమ్ విడమర్చి చెప్పింది.

"ట్రస్టంటే నమ్మకమండీ. ఇకమీదట లోపలివాళ్ళని కూడా ఊరికే నమ్మం. కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ మీ ఫోనుకి కోడ్ వస్తుంది."

తనని నమ్మకపోవడానికి తనేం చేశాడో ఆయనకి బొత్తిగా అంతుపట్టలేదు. అయినా ఆ సర్క్యులర్ ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చదివి వినిపించాడు. గొంతు గుర్తుపట్టినా సరే కోడ్ ఎవరికీ చెప్పకూడదని గట్టిగా బోధించాడు కూడా.

సోమవారం ఆ ఫోనే ఇంట్లో ఛార్జింగుకి పెట్టి మర్చిపోయి వచ్చాడు. పదకొండున్నర దాటాక ఓ అమ్మాయి ఆయాసపడుతూ కౌంటరు దగ్గరికొచ్చింది. పన్నెండులోగా ఇక్కడి నుంచి ఆన్‌లైన్లో టీసీ వెళ్ళకపోతే పై చదువుకి వచ్చిన సీటు పోతుంది. ఆ పిల్ల హాల్‌టికెట్ నంబరూ, మూడేళ్ళ మార్కులూ ఆయనకి కంఠతా వచ్చు. కంప్యూటరుకి మాత్రం ఆయనెవరో తెలియదట. కోడ్ అడిగి కూర్చుంది.

ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి తన ఫోనుకి తనే చేశాడు. భార్య ఎత్తింది.

"ఇదిగో, నా ఫోనుకి ఆరంకెలు వచ్చుంటాయి, చదువు."

"ఎవరండీ మీరు?"

"ఎవరేంటి? నేనే!"

"గొంతు మా ఆయనదే. కానీ ఈమధ్య గొంతులు కూడా దొంగిలిస్తున్నారని ఆయనే చెప్పారు."

"ఆ చెప్పింది నేనే కదే!"

"అయితే ఒక్కటి చెప్పండి. పోయిన వారం నాకు ఏ కంటికి ఆపరేషన్ అయింది?"

పోయిన వారం ఆయనకి రీవాల్యుయేషన్ ఫలితాల హడావుడి. ఆమెను ఆస్పత్రికి వాళ్ళ అక్కయ్య తీసుకెళ్ళింది. ఇంటికొచ్చాక నల్ల కళ్ళజోడు చూసిన గుర్తుంది. దాని వెనక కుడా, ఎడమా? గోడ గడియారంలో పన్నెండుకి పది నిమిషాలుంది. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది.

"కుడి... కాదు కాదు, ఎడమ. ఉండు, మీ అక్కయ్య ఏదో అంది..."

అవతల ఆమె గబగబా ఆరంకెలు చదివేసింది.

టీసీ వెళ్ళింది. అమ్మాయి "థాంక్యూ సార్" అంటూ పరిగెత్తింది. రిసీవరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఇంతకీ నేను చెప్పింది తప్పా, ఒప్పా?"

"ఏం చెప్పారో మీకైనా తెలుసా? దొంగైతే తడుముకోకుండా ఏదో ఒకటి అనేసేవాడు. ఇంతలా తెలియంది మా ఆయనకే. అందుకే నమ్మాను."

ఆయనకి సిగ్గేసింది. ఈలోగా కంప్యూటరు మళ్ళీ మూసుకుపోయి కొత్త కోడ్ అడుగుతోంది. ఆయన అటు చూడలేదు.

"మరి ఏ కన్నే?" అన్నాడు మెల్లగా.

"ఫోన్లో ఎవరికీ చెప్పకూడదుగా. సాయంత్రం పెందలాడే వచ్చి చుక్కలు మీరే వెయ్యండి, తెలుస్తుంది."