బెల్టు తీసిన తర్వాత

...అయినా మగవాడి ధైర్యమంతా నడుముకున్న బెల్టులోనే ఉంటుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే అతను ఈ వదులు ప్యాంటు వేసుకునేవాడే కాదు. బెల్టు ట్రేలో పడి, నల్ల రబ్బరు పట్టీ మీద కదిలి, యంత్రంలోకి పోయింది. ఎడమచేత్తో ప్యాంటు పట్టుకుని, కుడిచంకలో రెండేళ్ల కొడుకుని ఎత్తుకుని అతను నిలబడ్డాడు. విమానం తలుపు మూయడానికి ఇరవై నిమిషాలుంది. పిల్లలిద్దర్నీ మీరొక్కరే తీసుకురాగలరా అని ముందే ఊరెళ్లిపోయిన భార్య ఫోన్లో అడిగితే, అందులో ఏముంది అన్నాడు.

నిజానికి తయారీలో లోపం లేదు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో త్రాసులు తనిఖీ చేసే మనిషి ఏదీ సరిచూసుకోకుండా బయల్దేరడు. వారం రోజులు ఇంట్లో ఈ విమానాశ్రయం తనిఖీకి రిహార్సల్ చేయించాడు. భోజనాల బల్ల మీద దుప్పటి కప్పితే యంత్రం. కంచాలు ట్రేలు. ఐదేళ్ల కూతురు ఆఫీసరు. దానికి విసుగు పుట్టకుండా రోజూ తన ఒంటి మీద ఏదో ఒకటి దాచేవాడు. ఓ రోజు సాక్సులో చెంచా, ఓ రోజు కాలరు కింద బొత్తాం. అది దొరికాకే కూతురు దారి వదిలేది. చిన్నవాడు బల్ల కింద దూరి అవతల తేలితే చప్పట్లు కొట్టిందీ అతనే. అందుకే ఇందాక వాడు ట్రేల వెనకాలే యంత్రంలోకి పాకబోతే కాలు పట్టుకుని లాగాల్సి వచ్చింది.

లోహం తగిలితే మోగే తలుపు చట్రంలోంచి దాటాడు. ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య అనుకునేలోగా కూతురు మీసాల ఆఫీసరు దగ్గరికి వెళ్లి, తోటి ఉద్యోగితో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"సరిగ్గా వెతకండి అంకుల్. మా నాన్న రోజూ ఏదో ఒకటి దాచుకుంటాడు."

ఆఫీసరు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"రోజూనా?"

"రోజూ. మొన్న సాక్సులో."

చెంచా, అని అతను వివరించబోయాడు. ఇంట్లో అమాయకంగా ఉండే ఆ మాట ఇక్కడ ఆయుధంలా వినిపించింది. పక్కకి రమ్మన్నారు. రెండు చేతులూ ఎత్తమన్నారు. కొడుకుని దింపి, పొట్ట ఉబ్బించి, దాంతోనే ప్యాంటుని నిలబెట్టాడు. ఊపిరి వదిలితే పరువు పోతుంది. తన ముందు ఎంతమంది దుకాణదారులు ఇలా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారో మొదటిసారి తట్టింది.

"దాచిందేదో ఇచ్చెయ్యి నాయనా, మేమూ పోవాలి," అంది వెనక వరుసలో ఓ పెద్దావిడ.

ఏమీ దొరకలేదు. ఇక వెళ్లొచ్చన్నారు. బెల్టున్న ట్రేని మాత్రం ఇంకోసారి చూడాలని వెనక్కి తోశారు. మిగిలింది పన్నెండు నిమిషాలు.

కూతురు కదల్లేదు. నేల మీద చతికిలబడింది. దాని కింది పెదవి వణుకుతోంది.

"ఇవాళ ఏమీ దాచలేదా నాన్నా?"

కోప్పడదామనుకున్నాడు. కానీ ఆ గొంతులో పేచీ లేదు. చెప్పాపెట్టకుండా నాన్న ఆట మానేశాడన్న దిగులుంది. ఎత్తుకుని పరిగెడదామంటే ఒక చేతికి కొడుకు, ఒక చేతికి ప్యాంటు.

కొడుకుని దింపి, అటు తిరిగి, బయటికొచ్చిన ఇంకో ట్రేలోంచి పాలసీసా మూత తీసి చొక్కా చేతి మడతలో దోపుకున్నాడు. ఆఫీసరు చూశాడు. చూసి, మీసం సర్దుకుంటూ పైకప్పు వైపు తిరిగాడు.

పొట్ట ఉబ్బించడానికి ఇక ఊపిరి మిగల్లేదు. వరుస వరుసంతా ఇటే చూస్తోంది. అతను ప్యాంటు వదిలేసి, కూతురి ముందు రెండు చేతులూ పైకెత్తాడు.