చంద్రమౌళి కింది గొంతు బేరం

రాజాం ధాన్యం వ్యాపారి చంద్రమౌళి గొంతు సవరించుకుంటే పక్క వీధిలో ఇత్తడి బిందెలు బదులు పలికేవి. ఓసారి అది విని విజయనగరం బస్సు డ్రైవరు వెనకాల లారీ హారన్ కొడుతోందనుకుని పక్కకు తీసి దారిచ్చాడు. ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడో తెలీదు గాని, దొరికితే ఒప్పుకుని తీరతాడు.

అలాంటి గొంతు కనకే రాగసుధ అతన్ని తన బృందంలోకి లాగింది. తరాలుగా గుళ్లో కీర్తనలు పాడిన ఇంటి పిల్ల. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంటూ, అమెరికాలో రాకెన్‌రోల్ పుట్టిన రోజుల్లో కుర్రాళ్లు వీధి మలుపుల్లో వాయిద్యాల్లేకుండా పాడుకున్న రిథమ్ అండ్ బ్లూస్ పాటల మీద మనసు పడింది. నలుగురు మనుషులు, నాలుగు స్వరాలు, ఒకే పాట. పై గొంతు రాగసుధది. అడుగు గొంతు చంద్రమౌళిది. పాటలో అతనికి మాటలుండవు. "డూమ్, డూమ్" అంటూ పాటను కింద నుంచి కాయడమే పని.

చిక్కల్లా అక్కడే వచ్చింది. చంద్రమౌళి చిన్నప్పటి నుంచీ భజన మనిషి. భజనలో ముందు పాడేవాడు ఎటు పోతే అందరూ అటే పోవాలి. రాగసుధ పైకెత్తగానే ఇతనూ తన స్వరం వదిలేసి ఆమె వెనకాలే ఎక్కిపోయేవాడు. పాట కింద నేల ఉండేది కాదు.

"బాబాయ్, రేపు యూనివర్సిటీలో పోగ్రాం ఉన్నాది. మళ్లీ నా ఎనకాలొచ్చీసినావంటే నీ బదులు కీబోర్డు పెట్టీడమే" అంది రాగసుధ.

ఇంటికొచ్చిన చంద్రమౌళికి ముద్ద మింగుడుపడలేదు.

"ఏటయినాదండీ?" అంది భార్య రాజరాజేశ్వరి.

"అది పైకెల్తే నేనూ ఎల్లిపోతన్నానే. ఏటి సేసినా ఆగట్లేదు. రేపు నన్ను తీసీసి మిషను పెడతాదట."

"కొట్లో రైతులు అరిసినా, బతిమాలినా, లేచి ఎల్లిపోతన్నా మీ రేటు అంగుళం కదుల్తాదా?"

"ఎందుకు కదుల్తాది?"

"మరింకేటి! ఆ పిల్లని రైతనుకోండి. ఎంత పైకడిగినా ఇవ్వకండి."

మర్నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో భజన జట్టు పెద్ద నారాయణమూర్తి, తన మనుషులతో, తాళాలతో సహా దిగాడు. రాగసుధ పాట ఎత్తుకుందో లేదో, వాళ్లంతా అలవాటు కొద్దీ ఆమె స్వరమే అందుకున్నారు. చంద్రమౌళి గొంతులో దురద పుట్టింది. వెంటనే కళ్లు సగం మూసి, కొట్లో పరుపు మీద కూర్చున్న మొహం పెట్టాడు. రాగసుధ పైకడిగింది. ఇవ్వలేదు. భజన జట్టంతా కలిసి అడిగింది. ఊహూఁ. డూమ్, డూమ్.

రాగసుధ ఇంకా పైకెళ్లింది. నారాయణమూర్తికి ఆ ఎత్తు అందలేదు. ఎవరో ఒకరి వెనక పోకుండా ఉండలేని భజన మనిషి కదా, దిగొచ్చి చంద్రమౌళి వెనక చేరాడు. అతని వెనక జట్టు, జట్టు వెనక సగం హాలు. డూమ్, డూమ్! భావనపాడు సముద్రంలో చేపల వేటకెళ్లిన పడవలు ఉరుమనుకుని ఒడ్డుకు తిరిగొచ్చేశాయట.

చప్పట్లు ఆగాక రాగసుధ చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"కీబోర్డు కార్లోనే ఉన్నాది బాబాయ్. దింపనే లేదు."

"తెలుసులే."

"ఇంకో పాట ఉన్నాది. దానికి మరికాస్త కిందకి దిగాల."

"ఎంతైనా దిగుతాను" అన్నాడు చంద్రమౌళి. "పైకి మాత్రం అడక్కు."