లక్షలో రెండో మనిషి

మిర్చి తోటలో కాయ ఏరుతూ ఏరుతూ మోతీబాయి కళ్ళు తిరిగి సాళ్ళ మధ్యనే కూలబడింది. పెద్దవంగర దగ్గరి తండా నుంచి ఆమెను ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు తెచ్చారు. కూతురు లత ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ దిగగానే కబురు విని, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చింది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందని రెండు సీసాలు ఎక్కించారు. స్కానింగులో కడుపులో గడ్డ కనబడింది. హైదరాబాద్ పొమ్మన్నారు.

అక్కడ గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ అరగంట సేపు చెప్పింది. ఇది క్యాన్సరే, కానీ మామూలు కడుపు క్యాన్సర్ కాదు. ఏటా లక్షమందిలో ఏ ఒకరికో ఇద్దరికో వచ్చే రకం. రోజూ గోళీ వేసుకుంటే చాలామందికి గడ్డ చిన్నదవుతుంది, తర్వాత ఆపరేషన్ చేయొచ్చు. మోతీబాయికి తెలుగు వచ్చుగానీ అది అంగడి తెలుగు. డాక్టర్ల మాట అందదు. లత తల్లితో తమ లంబాడీలో, "గడ్డ ఉన్నదంట యాడీ, గోళీలతోని కరుగుతదంట" అని తేల్చేసింది.

తిరుగు రైలు జనగామ దాటింది. కిటికీలోంచి చూపు తిప్పకుండానే తల్లి అడిగింది.

"ఆమె అంతసేపు చెప్పింది. నువ్వు ఒక్క ముక్కల ముగించినవ్. మిగిలింది ఏడున్నది?"

లత కొంగుతో మొహం తుడుచుకుని అంతా చెప్పింది, క్యాన్సర్ అన్న మాటతో సహా. మోతీబాయి ఏడవలేదు. కానీ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

"లక్షమందిల ఒక్కరికొస్తే, ఆ ఒక్కదాని కోసం గోళీ ఎవరు చేస్తరు? నా మీద ఏందో చేసి చూస్తున్నరు."

ఎనిమిది రోజులు ఆమె హైదరాబాద్‌లో ఇచ్చిన గోళీల డబ్బా ముట్టలేదు. మొగుడు సోమ్లా బతిమాలాడు, కసిరాడు. లత తల్లి మీద అరిచి, వాకిట్లోకి పోయి కూర్చుంది. అప్పుడు తట్టిందామెకు. మొదటే మాట దాచకపోతే తల్లికి ఈ అనుమానం వచ్చేదే కాదు. ఇప్పుడు తానేం చెప్పినా సగమే చెప్పినట్టుంటుంది.

దవాఖానకు ఫోన్ చేసి, ఈ జబ్బుతో మా దిక్కు ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగింది. ఒకాయన ఉన్నాడని, వాళ్ళు ఆయన్ని అడిగి, ఒప్పుకున్నాక నంబరిచ్చారు. పేరు హన్మంతు. భూపాలపల్లిలో ఉంటాడు, బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు.

తల్లీకూతుళ్ళు రెండు బస్సులు మారి చేరేసరికి ఆయన క్వార్టర్ ముందు బీరపాదుకు పందిరి కడుతున్నాడు. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి, మనిషి మాత్రం గట్టిగానే ఉన్నాడు. లత మాట అందించబోతే మోతీబాయి చేత్తో ఆపి, తనకొచ్చిన తెలుగులో తనే అడిగింది. గోళీ ఎట్లుంటది, ఏమైతది, తిండి పోతదా.

హన్మంతు దాచలేదు. పిక్కలు పట్టేస్తాయని, కళ్ళు ఇట్లా ఉబ్బుతాయని, మొదట్లో వాంతులైతాయని, అన్నం తిన్నాకే చెంబెడు నీళ్ళతో వేసుకోవాలని చెప్పాడు.

"నాది కార్జానికి కూడా పాకింది చెల్లే. గడ్డ పోలే, కానీ పెరగలే. నాలుగేండ్లాయె, నేనున్న. నీది పాకలేదంటున్నరు కద, నువ్వు నాకన్న నయమే."

మోతీబాయి, "లక్షల నువ్వొకనివి, నేనొకదాన్ని" అంది. ఆయన నవ్వి, ఇంకా చాలామంది ఉన్నారని, వాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు కూడా ఉందని చెప్పాడు.

మర్నాడు పొద్దున అన్నం తిని, మోతీబాయి గోళీ వేసుకుంది.

మొదటి నెల తేలిగ్గా గడవలేదు. తిన్నదంతా బయటికొచ్చేది, మొహం ఉబ్బేది. లత పొద్దుటి డ్యూటీలు మార్పించుకుని, పక్కన కూర్చుని తినిపించింది. డాక్టరమ్మతో ఏ మాట జరిగినా, మంచైనా చెడైనా, పూర్తిగా తల్లికి చెప్పింది. మూడోనెల స్కానింగులో గడ్డ మూడోవంతు తగ్గింది. ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేసి తీసేశారు. నాలుగోరోజు మోతీబాయి గోడ పట్టుకుని వార్డంతా నడిచి, ఇదేం జావ అని నర్సుతో గొడవపడింది.

ఇంకో మూడేళ్ళు గోళీ వేసుకోవాలి, స్కానింగులకు పోతూ ఉండాలి. మళ్ళీ రాదని ఎవరూ మాటివ్వలేదు. ఈ వానాకాలం మాత్రం ఆమె నారుమడి గట్టు మీద కూర్చుని, మిర్చి నారు ఎట్లా పీకాలో సోమ్లాకు నేర్పుతోంది.