లెక్కలోకి రాని రెండు వేళ్ళు

"ఎలా ఉన్నారు మాస్టారూ?" అని అడిగారు సర్జన్‌గారు.

"బ్రహ్మాండంగా ఉన్నాను సార్. మీరు కోసి కుట్టాక పాతికేళ్ళ కుర్రాడినైపోయాను," అన్నారు మా ఆయన.

పక్క కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ని. ఎవరి రబ్బరు ఎవరు కొట్టేశారో మొహాలు చూసి చెప్పేస్తాను. అలాంటిది నా కళ్ళ ముందే, ఇంత వయసొచ్చిన మనిషి, ప్రాణం నిలబెట్టిన డాక్టరు మొహంలోకి చూస్తూ పచ్చి అబద్ధం ఆడుతుంటే చెవి మెలిపెట్టాలనిపించింది.

సర్జన్‌గారు గుండె చప్పుడు విన్నారు. ఛాతీ మధ్య నిలువుగా ఉన్న మచ్చను వేలితో నొక్కి చూశారు. ఎముక అతుక్కుంది. కుట్లు మానాయి. కాళ్ళ వాపు తగ్గింది. దగ్గుందా, ఆయాసముందా, జ్వరమేమైనా తగిలిందా, ఇంకేదైనా ఇబ్బంది ఉందా అని ఆయన ఒక్కొక్కటే ఓపిగ్గా అడుగుతుంటే, మా ఆయన ఫొటోకి కూర్చున్నట్టు నవ్వు మొహం పెట్టి అన్నిటికీ తల అడ్డంగా ఊపారు. 'కాంప్లికేషన్లు ఏమీ లేవు' అని నర్సు కంప్యూటర్లో కొట్టింది. ఆ తెర నాకు కనిపిస్తూనే ఉంది.

ఏమీ లేకపోవడమేమిటి! బైపాస్ జరిగి రెండు నెలలైంది. పూడుకుపోయిన రక్తనాళాలకు పక్కదారి వేశారు, అది చక్కగా కుదిరింది, కాదనను. ఆపరేషన్‌కి ముందు వీధి చివరిదాకా నడవలేని మనిషి ఇప్పుడు మేడమెట్లు ఎక్కుతున్నారు. కానీ మత్తు వదిలి కళ్ళు తెరిచిన రోజు నుంచీ ఆయన కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్కనున్న ఉంగరం వేలూ మొద్దుబారిపోయాయి. గిల్లినా తెలియదు, వేడి తగిలినా తెలియదు.

ఇంకొకరికైతే రెండు వేళ్ళే కదా అనుకోవచ్చు. అందరూ మాస్టారూ అని పిలిచినా మా ఆయనది బడి కాదు, సెలూన్. కత్తెర పట్టేది బొటనవేలితోనూ ఉంగరం వేలితోనూ. కత్తెర పిడి చివరనున్న చిన్న కొక్కెం మీద చిటికెన వేలు ఆనితేనే అది నిలకడగా ఆడుతుంది. ఇంట్లో ఒకరోజు నేను చూడటం లేదనుకుని కత్తెర తీసి పట్టుకోబోయారు. అది జారి కాలి పక్కన పడింది. వంగి తీసి మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ పడింది. అప్పుడే నాకు సంగతి తెలిసింది. తెలిసిన మరుక్షణం, డాక్టరుకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు. తన మీదే ఒట్టు. గుండె కోసి కుట్టించుకున్న మనిషి మీద వేసిన ఒట్టు ఎలా తప్పను?

షాపు ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ఈయన రోజూ వెళ్ళి, వంతు కోసం ఎదురుచూసేవాళ్ళ బల్ల మీద కూర్చుని కబుర్లు చెబుతారు. షాపుకొచ్చేవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు వసపిట్ట. సగం మంది జుట్టు పెరగకపోయినా ఆ కబుర్ల కోసమే వస్తారు. కుడిచెయ్యి మాత్రం జేబులోంచి బయటికి రాదు. కత్తెర ఎప్పుడు పడతావని ఎవరైనా అడిగితే, డాక్టరు ఇంకా రెస్టు తీసుకోమన్నాడంటారు. ఇంటికొచ్చాక ఆ వసపిట్ట నోట మాట ఉండదు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చాక వంటింట్లో నిలదీశాను.

"ఎందుకండీ దాచడం?"

"ఏం చెప్పమంటావే? చచ్చేవాణ్ణి బతికించి పంపిన మనిషి దగ్గరికెళ్ళి, అంతా బాగుంది గానీ రెండు వేళ్ళు పోయాయి సార్ అననా? ఆయన మొహం చిన్నబోదూ?"

"చిన్నబోతే మళ్ళీ పెద్దదవుతుందిలెండి. ముందు మీ వేళ్ళ సంగతి చూడండి."

"నీకు తెలీదు. నా జన్మంతా చూస్తూనే ఉన్నా. కటింగ్ అయ్యాక వెనక అద్దం పెట్టి చూపిస్తామా? ఇప్పటిదాకా ఒక్కడు బాలేదనలేదు. బాగుంది, బాగుంది అంటూనే లేస్తారు. అది మర్యాద."

"ఆ మర్యాదస్తుల్లో ఎంతమంది మళ్ళీ మీ గడప తొక్కారు? చెవి దగ్గర ఎక్కువ తక్కువైందని మొహం మీద చెప్పినవాళ్ళే ఇప్పటికీ మిమ్మల్ని వదలకుండా వస్తున్నారని మీరే అన్నారు."

జవాబు లేనప్పుడు మగవాళ్ళు అనేదే అన్నారు. "పాఠాలు బళ్ళో చెప్పుకో."

నేను మాట్లాడటం మానేశాను. వసపిట్టకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. మర్నాటికల్లా కుక్కర్‌తో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, కూతలెన్ని వచ్చాయని దాన్నే అడిగారు. సాయంత్రానికి వచ్చి నా పక్కన కూర్చుని, నేల చూస్తూ, అసలు సంగతి బయటపెట్టారు.

"అడగనంత కాలం, ఎప్పటికైనా వస్తాయిలే అనుకోవచ్చు. అడిగితే, ఇక రావు అంటాడేమోనే."

అంతవరకూ ఆయనది మొండితనం అనుకుని కోప్పడ్డాను. అది భయమని తెలిశాక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి వారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్ళు హడలిపోయి ఉంటారు కదా, వాళ్ళకి నాలుగు మాటలు ధైర్యం చెప్పాలట. అందుకు సర్జన్‌గారికి గుర్తొచ్చింది మా ఆయనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి దువ్వుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

వార్డు పక్కన చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారగా మంచినీళ్ళ ఫిల్టరు, బల్ల మీద మూత తీస్తే లోపలి గదులు కనిపించే ప్లాస్టిక్ గుండె. నాలుగైదు కుటుంబాలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాయి. సర్జన్‌గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. మా ఆయన మొదలుపెట్టారు.

"మత్తు ఇస్తూ అంకెలు లెక్కపెట్టమన్నారండీ. మా ఆవిడ టీచరు కదా, తప్పు చెబితే ఊరుకోదని భయపడుతూ లెక్కపెట్టా. మూడు దాకా వచ్చానో లేదో, లేచేసరికి అంతా అయిపోయింది. తర్వాత చేతిలో ఓ దిండు పెట్టి, దగ్గొచ్చినప్పుడల్లా గట్టిగా ఛాతీకి హత్తుకోమన్నారు. కుట్లు కదలకుండా అన్నమాట. ఇంటికొచ్చాక కూడా అది వదల్లేదు. మా ఆవిడకి ఆ దిండంటే ఇప్పటికీ పడదు."

అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. బిగుసుకుపోయిన భుజాలు సడలడం కనిపించింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. పాతికేళ్ళు ఉంటాయేమో. గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతోందట, దాన్ని మార్చాలి. తల్లి పక్కనే ఉంది.

"సార్, ఆపరేషన్ తర్వాత కొంతమందికి చేతివేళ్ళు మొద్దుబారతాయని చదివాను. నిజమేనా? నేను ఎంబ్రాయిడరీ చేస్తాను. సూది పని తప్ప నాకు వేరే పని రాదు."

మా ఆయన వైపు చూశాను. ఆయన ప్లాస్టిక్ గుండెను చూస్తున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు సర్జన్‌గారు. "ఛాతీ ఎముక తెరిచేటప్పుడు చేతిలోకి వెళ్ళే నరాలు సాగే అవకాశం ఉంది. కొద్దిమందికి అలా అవుతుంది. కానీ మా దగ్గర ఈ ఏడాది ఒక్కరికీ రాలేదు. ఊరికే ధైర్యం కోసం చెప్పడం లేదు. నెలనెలా డాక్టర్లందరం కూర్చుని, ఎవరి పేషెంట్లకి ఏం తేడా చేసిందో దాచుకోకుండా చెప్పుకుంటాం. చీము పట్టినవాళ్ళున్నారు, గుండె లయ తప్పినవాళ్ళున్నారు. వేళ్ళ సమస్య మాత్రం ఒక్కటీ లేదు."

అమ్మాయి ఊపిరి వదిలింది. "విన్నావా? అనవసరంగా బెంగపెట్టుకున్నావు," అంది తల్లి.

ఒట్టు వేసినదాన్ని, నోరు విప్పలేను. లేచి బయటికి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ పిల్ల నవ్వు మొహం చూస్తూ అక్కడ కూర్చోవడం నావల్ల కాలేదు.

మా ఆయన కుడిచెయ్యి జేబులోంచి తీశారు. "సార్, ఒకరికి వచ్చింది," అన్నారు.

సర్జన్‌గారి మొహం నిజంగానే చిన్నబోయింది. మా ఆయన ఏం జరుగుతుందని భయపడ్డారో అదే జరిగింది. తర్వాత సర్జన్‌గారు కుర్చీ లాక్కుని, అందరి ఎదుటే ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. పెన్ను మూతతో వేళ్ళ మీద పొడుస్తూ, తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగారు. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య కాగితం పెట్టి, పట్టుకోండి అని లాగారు. కాగితం ఇట్టే వచ్చేసింది.

"ఎప్పటి నుంచి?"

"కళ్ళు తెరిచినప్పటి నుంచీ సార్."

"వచ్చిన ప్రతిసారీ అడిగాను కదా మాస్టారూ!" సర్జన్‌గారి గొంతు పెరిగింది.

"మీరు బాధపడతారని..."

"నేను బాధపడితే నాకేం కాదు. మీరు ముందే చెప్పి ఉంటే అప్పుడే పరీక్ష చేయించి, వ్యాయామం మొదలుపెట్టించేవాణ్ణి. మీరు చెప్పలేదు. నేను నమ్మాను. నమ్మి, ఇప్పుడు ఈ అమ్మాయికి అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పలేదు. అయినా అబద్ధమే కదా?"

మా ఆయన తల వాలిపోయింది. ఇన్నాళ్ళుగా ఆయన్ని కడిగేయాలని ఎదురుచూస్తున్నది నేనే. తీరా ఇంకొకరు కడిగేస్తుంటే ఆ డాక్టరు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మొగుడు తిట్లు తింటుంటే చూడటం ఇంత కష్టమని నాకప్పుడే తెలిసింది.

"వస్తాయా సార్?" అన్నారు మా ఆయన. ఇన్నాళ్ళూ అడగలేకపోయిన ఆ ఒక్క మాట చాలా చిన్నగా వచ్చింది.

సర్జన్‌గారు అరచేతిని తిప్పి, అంచు వెంబడి కండను నొక్కి చూశారు. "నాకు తోచినంతవరకు నరం తెగలేదు, సాగింది. కండ కూడా ఇంకా బాగానే ఉంది. ఎక్కువమందికి తిరిగి వస్తుంది. కానీ నెలలు పడుతుంది. ముందు చీమలు పాకినట్టు ఉంటుంది, మంట పుడుతుంది. మాట ఇవ్వలేను మాస్టారూ, ఆశ మాత్రం పెట్టుకోవచ్చు." తర్వాత అమ్మాయి వైపు తిరిగారు. "అమ్మా, ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఏడాది ఒకరికి వచ్చింది. నీకు చేసేటప్పుడు ఎముకను ఎంత అవసరమో అంతే తెరుస్తాం. చేతులు ఎలా ఉంచాలో మత్తు డాక్టరుతో కలిసి చూసుకుంటాను. నువ్వు లేవగానే నేనే వచ్చి నీ పది వేళ్ళూ చూస్తాను. అయినా రాదని చెప్పలేను. తొందరేం లేదు, ఆలోచించుకో."

ఆ అమ్మాయి మా ఆయన చేతిని కాసేపు చూసింది. "బాబాయ్, మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదమ్మా."

"అయితే ఇక్కడే చేయించుకుంటాను సార్," అంది అమ్మాయి. "ఇక్కడ చెడు కూడా చెప్తారు."

ఆ వారమే వ్యాయామం మొదలైంది. నేర్పే ఆవిడ నాకన్నా కోపిష్టిది, అందుకే నాకు తెగ నచ్చింది. బియ్యం డబ్బాలో గోళీలు దాచి, చూడకుండా ఆ వేళ్ళతోనే వెతికి తీయాలట. నా క్లాసు పిల్లల దగ్గర గోళీలు అరువు తెచ్చాను. ఈయన ఒక గోళీ తీయడానికి పది కబుర్లు చెప్పేవారు. కరెంటు పెట్టి నరాన్ని పరీక్షించారు. ప్రాణం ఉంది గానీ నెమ్మదిగా ఉంది అన్నారు.

ఈలోగా ఆ అమ్మాయికి ఆపరేషన్ అయింది. ఇంటికెళ్ళాక తనే ఫోన్ చేసింది. "బాబాయ్, పదికి పదీ ఉన్నాయి," అంది. ఆ పూట మా ఆయన చేసిన హడావిడికి, పక్కింటివాళ్ళు మాకేదో లాటరీ తగిలిందనుకున్నారు. ఫోన్ పెట్టేశాక వచ్చి, మళ్ళీ బియ్యం డబ్బా ముందు కూర్చున్నారు. గోళీలు దొరకలేదు.

నెల గడిచింది. ఇంకో నెల నడిచింది. షాపుకి వెళ్ళడం తగ్గించేశారు. నేను బయటికి ధైర్యం చెబుతూనే లోపల దిగులుపడ్డాను. ఒక ఉదయం "చీమలు పాకుతున్నాయే," అంటే, నేను తెలివిగా దుప్పటి దులిపాను. దులిపి దులిపి, ఒక్క చీమా కనిపించక, అప్పుడు ఆయన మొహంలోకి చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. అంటే ఎక్కడ పోతాయోనని భయం.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కూరగాయలకని బయల్దేరాం. రోడ్డు దాటుతుంటే మలుపులోంచి లారీ ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. నేను బడిపిల్లల్ని లాగినట్టు, చేతికి అందిన చివరి రెండు వేళ్ళూ పట్టుకుని ఆయన్ని ముందుకు లాగాను. నాలుగడుగులు వేసి మా ఆయన ఆగిపోయారు. బండ్లన్నీ చుట్టూ హారన్లు మోగిస్తున్నాయి.

"ఏమే, నీ చెయ్యి ఇంత గరుగ్గా ఉందేంటే?"

ఇంట్లో గిన్నెలు తోమేదెవరు, బళ్ళో సుద్దముక్కలు అరగదీసేదెవరు అని నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. నేను పట్టుకున్నది ఏ వేళ్ళో చూశాను. ఆయన కూడా చూశారు. నా అరచేతిలో ఆ రెండు వేళ్ళనూ అటూ ఇటూ రుద్దుతూ, "ఇదిగో, ఇక్కడ కాయ కాసింది. ఇక్కడ పగిలింది," అంటున్నారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎవరో బండాయన పక్కకి జరగమని తిట్టాడు.

పేవ్‌మెంట్ ఎక్కాక, ఇంటికెళ్ళి చేద్దామన్నా వినకుండా అక్కడే సర్జన్‌గారికి ఫోన్ కలిపారు.

"సార్, మా ఆవిడ చెయ్యి చాలా గరుగ్గా ఉంది సార్!"

అవతల సర్జన్‌గారి నవ్వు నాకు కూడా వినిపించింది. "ఉండండి మాస్టారూ, రాసుకుంటాను. ఇంకోసారి చెప్పండి," అన్నారు.

ఆయన ఇంకోసారి చెప్పారు, ఈసారి దారిన పోయేవాళ్ళందరికీ వినపడేలా. నేను చెప్పుకోనిచ్చాను.