ఏటిసూతకంలో సైకిలు

మా నాన్న జానకీరామయ్యగారు పోయి ఏడు నెలలయింది. ఏడాది తిరిగేవరకు మా ఇంట్లో పండగ లేదు, కొండమీది గుడికి వెళ్లడం లేదు, కొత్త వస్తువు గడప దాటి రావడం లేదు. బరంపురం పెద్దబజారులో మాకు పూజాసామగ్రి కొట్టు ఉంది. ఊరివాళ్ల పండగలకు కావలసినవి కట్టి ఇస్తూనే ఉన్నాను, మా ఇంటికి మాత్రం తేవడం లేదు. అది నాకు కష్టమనిపించలేదు. మా పెద్దలూ అలాగే చేశారు.

మా అమ్మాయి సాయిపద్మకు ఉద్యోగం రావడంతో చిక్కు మొదలయింది. నర్సు చదువు చదివిన పిల్ల. పురుషోత్తంపూర్ అవతల ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో వేశారు. వచ్చే సోమవారం చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పురుషోత్తంపూర్‌లో గది దొరికింది గానీ, అక్కడినుంచి ఏటిగట్టు వెంబడి పల్లెకు పొద్దున్నపూట ఆటోలుండవు. నడిస్తే వేళకు అందుకోలేదు.

"సైకిలుంటే సాలు నాన్నా" అంది.

మా అమ్మ బాలాంబ వరండాలో వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండానే, "ఏడు తిరక్కుండా కొత్త బండేటే?" అంది.

"అందాకా ఆల్లు ఆగరే మామ్మా!"

"మీ తాతయ్యా ఆగలేదు గదా. నన్నేటి సెయ్యమంటావు?"

సాయిపద్మ ఉద్యోగం కాగితం మడుచుకుని లోపలికి వెళ్లింది. చదువు పూర్తయినప్పటినుంచి ఆ పిల్ల ఎదురుచూసింది ఈ ఒక్క కాగితం కోసమే. ఏం చేయాలో తోచక దొడ్లోకి వెళ్లాను. అక్కడ రేకుల చాటున నాన్న సైకిలు గోడకు ఆనుకుని ఉంది. నేను పుట్టకముందుది, ఊచల బ్రేకుల బండి. టైర్లు పుచ్చిపోయాయి, రంగు ఎక్కడుందో తుప్పు ఎక్కడుందో తెలియదు.

వెనక్కి వచ్చి అడిగాను. "అమ్మా, కొత్తది కొనకూడదు సరే. పాతది బాగుచేసుకోవచ్చా?"

అమ్మ వత్తి కొస నలుపుతూ ఆలోచించింది. "పాతదైతే పరవాలేదు. అయితే ఏసేవి గూడా పాతవే ఏయాల."

నా జేబుకూ ఆ మాటే నయం.

రోజూ కొట్టు తెరిచేముందు, మూసి వచ్చాక దొడ్లో కూర్చున్నాను. గొలుసు కిరసనాయిల్లో నానబెట్టాను. నా భార్య నాగవల్లి పూజ గిన్నెలు తోమే చింతపండు తెచ్చి చక్రాల తుప్పుకు పట్టించింది. "ఇత్తడికి పన్జేసింది ఇనప్పట్టీకి సెయ్యదేటి?" అంది. చేసింది. తెల్లారేసరికి చక్రపు పట్టీ మెరుస్తోంది.

మిగిలినవాటికి పాత సామాన్ల పూర్ణచంద్ర దగ్గరకు వెళ్లాను. ఒడియా మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు.

"అందరూ నూఆ, నూఆ అని కొత్తవే అడుగుతారు. మీరొక్కలే పురుణా అంటన్నారు, మూర్తి బాబూ!" అని నవ్వాడు. కుప్ప వెతికి టైర్లు, అతుకులేసిన ట్యూబులు, పెడళ్లు, బ్రేకు రబ్బర్లు తీశాడు. రబ్బర్లు చేతిలో పెట్టబోతూ ఆగి, "ఇవి మాత్రం నూఆ ఏసుకోండి" అన్నాడు.

"మా అమ్మ ఒప్పుకోదు" అని తీసుకున్నాను.

ఇంట్లో అమ్మ ఒక్కో వస్తువూ పట్టి చూసింది. "పురుణాయేనా?"

"అన్నీ పురుణాయే. గ్రీజొక్కటీ కొత్తది."

"అది తలకి రాసుకునే నూని లాంటిది. ఒస్తువు కాదు."

ఎడమ పెడలు ఎంత తిప్పినా ఊడి రాలేదు. నేను చెమటలు కక్కుతుంటే అమ్మ వరండాలోంచి కేకేసింది. "ఎడమది అపసవ్యంరా! మీ నాన్న అలాగే అనేవోరు." మొన్ననే నాన్న మాసికంలో జంధ్యం అటు భుజానికి మార్చుకుని కూర్చున్నవాణ్ణి, ఆ మాట వెంటనే తలకెక్కింది. రెంచీ ఎదురు తిప్పాను. కదిలింది.

బిగిస్తూ బిగిస్తూ నాకొక సందేహం వచ్చింది. టైర్లు ఎవరివో, పెడళ్లు ఎవరివో. ఇందులో నాన్నది ఎంత మిగిలింది? మనం వాడి పాతబడితేనే పాతా, ఎవరు వాడినా పాతేనా? అమ్మనే అడిగాను.

"అన్నేసి అడిగితే దేవుడు గూడా సెప్పలేడు. పన్జూడు" అంది.

ఆదివారం పొద్దున్న సాయిపద్మ చున్నీ నడుముకు చుట్టి ఎక్కింది. మా వీధి పెద్దరోడ్డువైపు పల్లంగా ఉంటుంది. బండి జోరందుకుంది. కింద కొబ్బరిబోండాల బండి అడ్డం వచ్చింది. పిల్ల బ్రేకు నొక్కింది. ఆ పాత రబ్బర్లు మేము తళతళలాడించిన పట్టీ మీద జర్రున జారాయి. ఆ బోండాల బండిని తప్పించి, సైకిలును ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన ఇసకకుప్పలోకి తిప్పి పడింది.

స్తంభం పట్టుకోకుండా లేవని మా అమ్మ మాకంటే ముందు వీధిలో ఉంది.

"ఏటీ అవలేదు మామ్మా" అంటూ సాయిపద్మ మోచెయ్యి దాచుకుంది. నెత్తురు చున్నీకి అంటింది.

అమ్మ చెయ్యి చూసింది. తర్వాత వంగి బ్రేకు రబ్బరును గోటితో నొక్కింది. "రాయిరా ఇది!"

"కొత్తవి ఏసుకోమని పూర్ణచంద్ర అన్నాడమ్మా. నువ్వు ఒద్దన్నావని..."

"నేనొద్దంటే ఊరుకుంటావేటి? కొట్లో కూకుని రోజూ రక్షతాళ్లమ్ముతావు గదా. రక్ష పాతది కడతారేట్రా ఎవలైనా?"

"కట్టరు."

"మరి? ఇది ఒస్తువు కాదు, రక్ష. ఎల్లి కొత్తవి తే."

"ఏడాది లోపల రక్ష కట్టొచ్చా అమ్మా?" తెలియకే అడిగాను.

"ఏడాది లోపల పిల్ల పడొచ్చా?"

సాయిపద్మ ఇసక దులుపుకుంటూ నవ్వింది. "అలాగైతే స్కూటీ గూడా రక్షే మామ్మా."

"ముందు నీ నోటికి కట్టాల రక్ష" అంది అమ్మ.

ఆ మాట శాస్త్రంలో ఉందో లేదో నాకు తెలియదు. పంతులుగారిని అడుగుదామనే బయలుదేరాను. దారిలో సైకిలు కొట్టు ముందు వచ్చింది. రబ్బర్లు కొనేశాక అడగాలనిపించలేదు. అమ్మ వాటికి పసుపు బొట్టు పెట్టించాకే బిగించనిచ్చింది. ఆ పల్లంలోనే సాయిపద్మ మళ్లీ మళ్లీ తొక్కి, మళ్లీ మళ్లీ ఆగి చూసుకుంది.

సోమవారం తొలి బస్సు పైన సైకిలు కట్టించి పంపాను. కొట్లో కూర్చున్నానే గానీ అగరుబత్తులడిగిన వాళ్లకు కర్పూరం ఇచ్చాను. ఉండబట్టక కొట్టు మూసి ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి ఫోను మోగింది.

"నాన్నా, ఒచ్చీసేను."

"వేళకే ఎల్లేవా తల్లీ?"

"ఇంకా తాళమే తియ్యలేదు. మెట్టు మీద కూకున్నాను. ఇద్దరు బాలింతలు గూడా ఒచ్చి కూకున్నారు. నన్ను దిదీ అంటన్నారు."

అమ్మ ఫోను లాక్కుంది. "గట్టు దిగినకాడ బ్రేకు నొక్కితే ఆగిందేటే?"

"ఆగింది మామ్మా."

"అయితే రేపట్నించి కొంచెం నెమ్మదిగా ఎల్లు. తాళాలోడి కంటే ముందెల్లి ఏటి సేస్తావు?" అంది అమ్మ.