ఎనభై లక్షలకు ఒకరు తక్కువ

హాస్క్యూ ఊరి మొదట్లో ఒక బోర్డు ఉంది. పైన ఊరి పేరు, కింద జనాభా. ఆ అంకెలు రాసినవి కావు, రేకుతో కోసి మేకులకు తగిలించినవి. ఎవరింట్లో బిడ్డ పుడితే ఆ ఇంటివాళ్లే నిచ్చెన వేసుకుని అంకె మార్చాలి. ఎవరింట్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్లే మార్చాలి. ఇంకొకరు దాన్ని ముట్టుకోరు. అంకెలన్నీ కోసింది వెండెల్ టాకెట్. ఆ వెండెల్ జనవరిలో పోయాడు. వసంతం వచ్చి రోడ్డు పక్కన నీలం బ్లూబానెట్ పూలు విచ్చుకున్నాయి గానీ బోర్డు మీద ఇంకా నాలుగువందల పన్నెండే ఉంది.

అతని భార్య లొరీన్ రోజూ దాణా కొట్లో పనికి ఆ బోర్డు ముందు నుంచే కారు పోనిచ్చేది. మార్చవలసిన 'ఒకటి' రేకు పక్క సీట్లోనే ఉండేది. ఊళ్లో ఎవరూ తొందరపెట్టలేదు. ఎదురింటి ఓలెటా మాత్రం ఒకసారి అంది. "లొరీనూ, నిచ్చెన పట్టుకోడానికి మనిషి కావాలంటే నేనున్నానే. నా నడుం సంగతి తర్వాత చూసుకుందాం."

"రేపు చూద్దాంలే," అంది లొరీన్.

ఒక శనివారం పొద్దున లొరీన్ ఇంటికి డాలస్ నుంచి ఒకాయన వచ్చాడు. పెద్ద టోపీ, చేతుల్లో బ్రిస్కెట్ మాంసం ట్రే. పేరు క్లిఫ్టన్ బ్రాడ్‌నాక్స్, డాలస్ అభివృద్ధి సంఘం కార్యదర్శి. ఆయన కుర్చీలో సర్దుకోకముందే వాకిట్లో ఇంకో కారు ఆగింది. అందులోంచి హ్యూస్టన్ అభివృద్ధి సంఘం అధ్యక్షురాలు మారిసెలా కిరోగా దిగింది. ఆమె చేతిలో కొలాచీ రొట్టెల పెట్టె ఉంది.

"తెల్లారేసరికి వచ్చి వాలావే," అంది మారిసెలా.

"మీ ఊళ్లో వరద తగ్గితే నువ్వూ పెందలాడే బయల్దేరేదానివి," అన్నాడు క్లిఫ్టన్.

సంగతేమిటంటే, రెండు నగరాలూ చాలాకాలంగా పోటీపడి పెరుగుతున్నాయి. ఇళ్లు కట్టడం చాలక చుట్టుపక్కల ఊళ్లను ఒక్కొక్కటే తమ లెక్కలో కలుపుకుంటూ వచ్చాయి. చివరికి రెండింటి మధ్యా హాస్క్యూ ఒక్కటే మిగిలింది. ఊరివాళ్లు పనికి కొందరు అటు, కొందరు ఇటు పోతారు కనుక ఇద్దరూ తమదేనన్నారు. ఎనభై లక్షలు నిండడానికి డాలస్‌కు సరిగ్గా నాలుగువందల పన్నెండు మంది కావాలి. హ్యూస్టన్‌కూ సరిగ్గా అంతే మంది కావాలి. ఇదెలా కుదిరిందని రెండు సంఘాల్లోనూ ఎవరూ అడగలేదు.

"అందుకని లొరీన్ గారూ, ఆ బోర్డు జోలికి వెళ్లకండి," అన్నాడు క్లిఫ్టన్. "వచ్చే వారం ప్రకటించేదాకా ఆగండి చాలు."

"మా వెండెల్ పోయాడండీ."

"తెలుసమ్మా. మా కమిటీ అంతా లేచి నిలబడింది. కానీ బోర్డు మీద ఉన్నాడుగా! ఉన్నంతకాలం ఉన్నట్టే."

జనవరి తర్వాత వెండెల్ ఉన్నాడన్న మనిషి ఆయనొక్కడే. లొరీన్ లేచి కాఫీ పెట్టింది. మంచి కప్పులు తీసింది.

"ఆ ఎనభై లక్షలవ మనిషి ఎవరనుకున్నారు? మీవారే," అన్నాడు క్లిఫ్టన్. "బ్యాండుతో సభ పెడతాం. టోపీ పెడతాం. ఆయన సైజు ఎంత?"

"ఏడుంపావు," అంది లొరీన్, ఆలోచించకుండానే. తర్వాత కాసేపు కాఫీ వడకట్టడం మరిచిపోయింది.

"మేం పూలబండి మీద ఊరేగిస్తాం," అంది మారిసెలా.

"ఆయన లేడు కదా తల్లీ, బండి మీద ఎవరు కూచుంటారు?" అన్నాడు క్లిఫ్టన్.

"మీ టోపీ ఎవరు పెట్టుకుంటారో వాళ్లే!"

లొరీన్ కప్పులు తెచ్చి పెట్టింది. క్లిఫ్టన్ మెల్లగా అడిగాడు. "ఆయనకు మా డాలస్ అంటే ఇష్టమే కదండీ? ఉపన్యాసంలో చెప్పాలి."

"ఒకసారి వెళ్లాడు. రింగురోడ్డు దిగే దారి దొరక్క పొద్దుగూకేదాకా తిరిగి, కారు దిగకుండానే ఇంటికొచ్చాడు."

మారిసెలా పడి పడి నవ్వింది. "మరి మా ఊరు?"

"మీ ఊరి ఆస్పత్రిలోనే పోయాడమ్మా."

నవ్వు ఆగిపోయింది. మారిసెలా కొలాచీ పెట్టె మూత మూసింది, మళ్లీ తెరిచింది. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? "అంటే," అంది గొంతు తగ్గించి, "ఆఖర్న మావాడే అన్నమాట."

"చచ్చినవాణ్ణి కూడా వదలవా నువ్వు!" అని క్లిఫ్టన్ లేచాడు. లేచినవాడు లేచినట్టే గోడ మీది వెండెల్ ఫోటో పట్టుకున్నాడు, బ్యానర్ కోసమట. మారిసెలా రెండో అంచు పట్టుకుంది. "ముందు నేను అడుగుదామనుకున్నాను!" "అనుకుంటే సరిపోదు, అడగాలి!" ఇద్దరూ లాగుతున్నారు. మధ్యలో వెండెల్ ఇద్దరి వైపూ ఒకేలా చూస్తున్నాడు.

లొరీన్ వాళ్లనే చూస్తూ నిలబడింది. అతను లేకపోతే రెండు మహానగరాలకు లెక్క నిండదు. అయినా అతను ఏం పని చేసేవాడని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. ఇక్కడ బోర్డు మీద అతని చోటు ఖాళీ అయిందని అందరికీ తెలుసు, తెలిసే ఊరుకున్నారు. వాళ్లు ఊరుకోవడమూ వీళ్లు ఊరుకోమనడమూ ఒకటి కాదు.

"ఫోటో గోడకు పెట్టండి," అంది. బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఇద్దరూ కలిసి పెట్టారు. కాస్త వంకరగా పెట్టారు.

ఆమె నిచ్చెన కారు మీద వేసి కట్టి బయల్దేరింది. వెనక రెండు కార్లు, ఒకదాన్నొకటి దాటబోతూ వచ్చాయి.

బోర్డు దగ్గర నేల ఎగుడుదిగుడు. రెండు మెట్లెక్కగానే నిచ్చెన ఒరిగింది. "అమ్మా, పడతారు!" అని క్లిఫ్టన్ నిచ్చెన కాలొకటి పట్టుకున్నాడు. మారిసెలా రెండో కాలు పట్టుకుంది.

"దయచేసి ఒక్క వారం ఆగండి," అన్నాడు కింద నుంచి, గట్టిగా పట్టుకునే.

లొరీన్ 'రెండు' తీసింది. పట్టుకునేసరికి అనుకున్నకంటే బరువుగా ఉంది. 'ఒకటి' తగిలించింది. అది రెండుసార్లు ఊగి నిలిచింది. నాలుగువందల పదకొండు. ఆమె కాసేపు పైనే ఉంది. కింద ఇద్దరూ నిచ్చెన వదల్లేదు.

దిగాక క్లిఫ్టన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అలా ఎంతసేపు ఉండేవాడో గానీ, మారిసెలా గొంతు సవరించుకుంది. "మీ ఊళ్లో అద్దె ఇల్లేదైనా ఉందా, లొరీన్ గారూ?"

"నేనే అడగబోతున్నాను!" అన్నాడు క్లిఫ్టన్. "ఒక్కరు తక్కువ, అంతేగా. నేను వచ్చేస్తాను. అమ్మా, ఆ 'రెండు' ఇటివ్వండి."

అలా వస్తే తన ఊళ్లో ఒకరు తగ్గుతారని ఇద్దరికీ తట్టలేదు. లొరీన్ ఆ రేకును చంక కింద పెట్టుకుంది.

"వచ్చేవాళ్లు రండి, నిచ్చెన ఇస్తాను," అంది. "ఇది మాత్రం ఇవ్వను. గ్యారేజీలో రేకు మిగిలే ఉంది. మీ 'రెండు' మీరే కోసుకోండి."